నాలుగు మెట్లు కిందికి

సాలుస్తియో వెర్దెల్లి మా ఊరు వస్తున్నాడన్న కబురు నాకు మొదట చెప్పింది బోర్తొలో. ఆర్గన్ వెనక నిలబడి తోలుతిత్తుల్లోకి గాలి తోసే మనిషి అతను. పద్దెనిమిదేళ్ళుగా నేను వాయించిన ప్రతి స్వరమూ ముందు అతని చేతుల్లో బరువుగా పుట్టి, ఆ తరువాతే నా వేళ్ళ కిందికి వచ్చింది. అతనికి సంగీతం తెలియదని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

"విన్నారా మాస్టారూ, మన చర్చి సంగీతాధికారి ఖాళీకి రోమ్ నుంచి ఒకాయన దిగుతున్నాడట," అన్నాడు తిత్తుల తోలుకు కొవ్వు రాస్తూ. "కార్డినల్ గారి ఇంట్లో పాడినవాడట. ఆ కార్డినల్ గారేమో పోయారు. ఆయన చోట్లోకి వచ్చినాయనకి పాటకంటే వేట ఇష్టమట. అందుకని మన కొండెక్కుతున్నాడు, పాపం."

"పేరేమిటి?"

"ఏదో వెర్దెల్లి. గడ్డానికి రంగు వేస్తాడని కంచరగాడిదలు తోలేవాళ్ళు చెప్పుకుంటున్నారు. గొంతుకి రంగు వెయ్యడం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా. చూద్దాం."

నేను బట్టతో మీటలు తుడుస్తున్నాను. ఆ పేరు వినగానే నా చెయ్యి ఆగిపోతుందని ఎన్నో ఏళ్ళు ఊహించుకున్నాను. చెయ్యి ఆగలేదు. ఒక మీట తరువాత ఇంకో మీట, వరసగా చివరిదాకా తుడిచాను. లోపల ఏదో చాలా నెమ్మదిగా కూర్చుంది. ఎప్పుడో పారేసుకున్న తాళంచెవి సొంత జేబులోనే దొరికినప్పుడు మనిషి కాసేపు కదలకుండా నిలబడిపోతాడే, అలాంటి నిదానం అది.

*

ఇరవై మూడేళ్ళ కిందట సాలుస్తియో, నేను బ్రెషియాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. తాళ్ళు పేనేవాడి ఇంటి పైగది. ఇద్దరం ఒకే చర్చిలో పాడేవాళ్ళం. చలికోటు ఒకటే ఉండేది. ఒకడు తొడుక్కుని బయటికి వెళితే రెండోవాడు దుప్పటి కప్పుకుని గదిలో కూర్చోవాలి. అతనికి గొంతు ఉంది. నాకు రాయడం వచ్చు. అందువల్ల కోటు ఎక్కువగా అతని ఒంటి మీదే ఉండేది.

ఆ చలికాలంలో ఇక్కడ, ఈ ఊళ్ళో, నా చెల్లెలు లీవియా జ్వరంతో పోయింది. పాతిపెట్టిన తరువాత గాని నాకు కబురు అందలేదు. గదిలో కూర్చుని, మృతుల కోసం పాడే ప్రార్థన మాటలు తీసుకుని, ఒక్క గొంతుకీ ఆర్గన్‌కీ సరిపడా ఒక కీర్తన రాశాను. మూడు రోజుల్లో అయిపోయింది. అంతకుముందు కానీ ఆ తరువాత కానీ నేను అలాంటిది రాయలేదు. ఈ సంగతి అణకువ కోసం చెప్పడం లేదు. నిజం కాబట్టి చెబుతున్నాను.

చిన్నప్పుడు నేను మేడ మీద సాధన చేసుకుంటుంటే లీవియా కింద వాకిట్లో నిలబడి, నా పేరు మూడు ముక్కలు చేసి అన్నానికి పిలిచేది. ఎర్, కొ, లే. మొదటి రెండూ ఒకే ఎత్తులో ఉండేవి, మూడోది పైకి ఎగిరేది. ఆ మూడు స్వరాలనే కీర్తన చివర పెట్టాను, మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో మెట్టు పైన. దేవుణ్ణి పిలుస్తున్నట్టే ఉంటుంది వినేవాళ్ళకి. పిలిచేది ఎవరో, పిలిచేది ఎవరినో నాకొక్కడికే తెలుసు. సాలుస్తియోకి కూడా చెప్పలేదు.

వసంతంలో అతను తన పాటలు అచ్చు వేయించడానికి వెనిస్ వెళ్ళాడు. నా కీర్తనను పుస్తకంలో చివర చేర్పించమని ఇచ్చాను.

"నీ పేరు పెద్ద అక్షరాల్లో వేయిస్తాను రా, నీ ముక్కంత పెద్దవి," అన్నాడు.

నకలు రాసి ఉంచుకోలేదు. ఆ చలికాలంలో నాకు ఏదీ రెండోసారి రాసే ఓపిక లేదు. ఎనిమిది నెలల తరువాత బ్రెషియాలో ఒక పుస్తకాల కొట్లో ఆ పుస్తకం కనబడింది. పాటలు ఆరు. ఆరోది నాది. అన్నిటి మీదా ఒకటే పేరు. లోపల ఒక కార్డినల్‌కి అంకితం. అప్పటికే ఆ కార్డినల్ అతన్ని రోమ్‌కి పిలిపించుకున్నాడని కొట్టువాడు చెప్పాడు.

నేను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేయలేదని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఋజువు లేదని చెప్పుకునేవాణ్ణి. అది సగం నిజం. ఫిర్యాదు చేయాలంటే ఎవరి ముందో నిలబడి "ఇది నాది, నమ్మండి" అని బతిమాలాలి. ఆ మాట నోటితో అనడం కంటే ద్వేషాన్ని లోపల పెట్టుకోవడం నాకు తేలిక. కొందరు దుఃఖాన్ని బయటికి ఏడ్చేస్తారు. నేను దాన్ని ఆరబెట్టి దాచుకునే రకం. పుస్తకం కొనుక్కుని మా ఊరు వచ్చేసి, ఈ ఆర్గన్ ముందు కూర్చున్నాను. అది అప్పటినుంచీ నా బల్ల కింద ఉంది. చర్చిలో ఎవరూ లేనప్పుడు ఆ ఆరో పాటను మాటలు లేకుండా వాయించుకుంటాను. తిత్తులకు బోర్తొలో ఉంటాడు. కానీ అతన్ని నేను వినేవాళ్ళ లెక్కలో వేసుకోలేదు.

*

మా చర్చి వ్యవహారాలు చూసే సంఘానికి గిరార్దో పెద్ద. పట్టు వ్యాపారం ఆయనది. పండగల్లో మంద్రస్థాయిలో పాటగాళ్ళతో కలిసి పాడతాడు కూడా. తనకు సంగీతం తెలుసునని ఆయనకు గట్టి నమ్మకం. సంగీతాధికారి ఉద్యోగానికి పెట్టిన పరీక్షకు వారం ముందు నన్ను పిలిచి సాలుస్తియో రాసిన ఉత్తరం చూపించాడు. తాను రచించిన పుస్తకంలోంచి ఆరో కీర్తన పాడతానని అందులో ఉంది. ఆర్గన్ నేనే వాయించాలి.

"అభ్యర్థితో ముందుగా మాటలు పనికిరావు, తెలుసుగా," అన్నాడు గిరార్దో. "వాడు పాడాలి, నువ్వు వాయించాలి. మధ్యలో మొహమాటాలుండకూడదు."

"తెలుసండి," అన్నాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక అలవాటు చెప్పాలి. ఎక్కువ ఎత్తులో నడిచే పాటను కాగితం మీద రాసేటప్పుడు, స్వరాలు గీతలు దాటి బయటికి పోకుండా, వరస మొదట్లో పైస్థాయి గుర్తు పెడతాం. ఆ గుర్తు కనబడగానే వాయించేవాడు ఎవరూ చెప్పకుండానే అంతా నాలుగు మెట్లు దించి వాయిస్తాడు. కాగితం మీద ఆకాశంలో ఉన్న పాట గొంతులోకి వచ్చేసరికి నేల మీద ఉంటుంది. దించమని ఎక్కడా రాసి ఉండదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అంతా తెలిసినవాళ్ళే కాబట్టి.

నా కీర్తన మొదట్లో ఆ గుర్తు ఉంది. నేనే పెట్టాను.

నాలుగు మెట్లు దించకుండా, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయిస్తే నేను ఒక్క తప్పు స్వరం కూడా వాయించినట్టు కాదు. కాగితం చూడనివాళ్ళకి తేడా తెలియదు. ఈ ఆలోచన గిరార్దో ఇంటి మెట్లు దిగుతుండగా వచ్చింది. ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చింది అనాలని ఉంది. కానీ ఎవరూ చెప్పలేదు. అది నాలోనే, పుస్తకంతో పాటు, బల్ల కింద ఇన్నేళ్ళుగా ఉంది.

*

మూడు రోజుల తరువాత, మధ్యాహ్నం, మా ఇంటి తలుపు కొట్టారు. తీశాను. గడ్డానికి నిజంగానే రంగు వేశాడు. ఒళ్ళు వచ్చింది. కళ్ళు మాత్రం పైగదిలో ఉన్నప్పటివే.

"ఒరేయ్ ఎర్కొలే. ముసలాడివయిపోయావురా," అన్నాడు, కావిలించుకుంటూ. "ఆ ముక్కు లేకపోతే పోల్చుకునేవాణ్ణి కాదు."

"నువ్వు నిషేధం తెలియకుండా వచ్చావా, తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను. కూర్చోమను ముందు. ఈ కొండ మీద ఊరు కట్టినవాడెవడో వాడికి కాళ్ళుండి ఉండవు."

కాల్చిన చెస్ట్‌నట్‌లు, పలచటి వైనూ పెట్టాను. గింజలు ఒలుచుకు తింటూ రోమ్ కబుర్లు చెప్పాడు. తరువాత సంచిలోంచి ఒక జత చేతి తొడుగులు తీశాడు. మేకపిల్ల తోలు. మల్లెపూల నూనె వాసన.

"నీ వేళ్ళకి తెచ్చాను. మీ చర్చిలో చలికాలం వేళ్ళు కొయ్యబారిపోతాయని తెలుసు నాకు."

తొడిగి చూశాను. సరిగ్గా సరిపోయాయి. ఇరవై మూడేళ్ళ తరువాత కూడా నా చేతి కొలత అతనికి గుర్తుంది. ఇంకేమి గుర్తుందో తెలుసుకోవాలనిపించింది.

"ఆరో కీర్తన ఎంచుకున్నావట," అన్నాను.

"నేను రాసినవాటిలో అదే మంచిది. పడవలో రాశాను, తెలుసా? వెనిస్ వెళుతుంటే పో నది మీద పొగమంచు. పడవవాడు అవతలి ఒడ్డుమీద ఎవర్నో పిలుస్తున్నాడు. ఆ పిలుపు అలాగే చివర్లో పెట్టేశాను. కార్డినల్ గారు అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవారు."

అతని మొహంలోకి చూశాను. దొంగతనం కనబడలేదు. బెరుకు కనబడలేదు. చెస్ట్‌నట్ పొట్టు పెదవికి అంటుకుని ఉంది, అంతే. తన చిన్నతనం గురించి చెప్పుకునే మనిషి మొహం అది. ఇన్నేళ్ళూ నేను ద్వేషించినవాడు నా పాట దాచుకుని, దాచినందుకు రాత్రుళ్ళు ఉలిక్కిపడే దొంగ. ఎదురుగా కూర్చున్నవాడికి అలాంటి రాత్రులు లేవు. లీవియా పిలుపును పడవవాడి నోట్లో పెట్టేసి హాయిగా నిద్రపోయాడు. దొంగతనం కంటే మరుపు పెద్ద నేరమని ఆ క్షణం నాకు అనిపించింది. అప్పటిదాకా ఆ పని చేస్తానో లేదో నాకు నిశ్చయంగా తెలియదు. అప్పుడు తెలిసింది.

"అసలు సంగతి చెప్పు," అన్నాను. "తొడుగులివ్వడానికి రాలేదు నువ్వు."

అతను గింజ ఒలవడం ఆపాడు.

"మీ ఉత్తరాది ఆర్గన్‌లు రోమ్ వాటికంటే పైశ్రుతిలో కూర్చుంటాయి కదా. నాలుగు మెట్లు దించినా ఇక్కడ ఎత్తే. ఐదు దించరా. నీ నోట్లోనే ఉండాలి ఈ మాట. పైస్వరాలు పోయాయి నాకు. రెండేళ్ళయింది. అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. అలంకారాలు వేసి తప్పించుకునేవాణ్ణి. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకో చోటికి వెళ్ళి పరీక్షకి నిలబడే గొంతు లేదు నాకు. ఇదే ఆఖరు."

అతని చేతులు బల్ల మీద ఉన్నాయి. గింజ పొట్టును చిన్న చిన్న ముక్కలుగా తుంచుతున్నాయి.

"ఐదు దించుతాను," అన్నాను.

"మాట?"

"మాట."

లేచి మళ్ళీ కావిలించుకున్నాడు. అతని మెడ దగ్గర చెమట వాసన పాత కోటు వాసనలాగే ఉంది. దాన్ని గుర్తుపట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

*

ఆ నాలుగు రోజులూ సాధన చేశాను. ఇది చెబితే నవ్వొస్తుంది. నా వేళ్ళు ఆ పాటను కాగితం మీద ఉన్న ఎత్తులో ఎన్నడూ వాయించలేదు. పైస్థాయి గుర్తు కనబడగానే అవి నా అనుమతి లేకుండానే నాలుగు మెట్లు కిందికి జారిపోతాయి. మంచి అలవాటు మనిషిని తనకు తెలియకుండానే మంచివాణ్ణి చేస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి పని కావాలి. చిన్నపిల్లలు నేర్చుకున్నట్టు ఒక్కొక్క స్వరమూ చూసి, ఉన్నచోటే నొక్కి, వేళ్ళకి ద్వేషం నేర్పించాను. ఇంట్లో, చప్పుడు రాని బల్ల మీద. అందువల్ల ఆ ఎత్తులో నా పాట ఎలా వినబడుతుందో నేనూ వినలేదు.

*

పరీక్ష ఆదివారం ప్రార్థన అయ్యాక. గిరార్దో, సంఘం వాళ్ళు నలుగురు ముందు వరసలో కూర్చున్నారు. మా పాటగాళ్ళు తొమ్మిదిమంది పక్క వరసల్లో, కొత్త అధికారిని ముందే తూకం వేద్దామని వచ్చారు. సాలుస్తియో కింద బలిపీఠం కటకటాల ముందు నిలబడ్డాడు. నా ఆర్గన్ మేడ మీద, అతని వెనకవైపు ఉంది. బలిపీఠం దగ్గర ఏం జరుగుతోందో నాకు తెలియడానికి మీటల పైన ఒక చిన్న అద్దం వేలాడుతుంది. అందులో అతని వీపు, ఒక చెవి, చెంప కొద్దిగా కనబడుతున్నాయి.

తొడుగులు తీసి బల్ల మీద పెట్టాను.

"గాలి నిండింది మాస్టారూ," అన్నాడు బోర్తొలో వెనకనుంచి.

మొదటి స్వరాలు నొక్కాను. అద్దంలో సాలుస్తియో భుజాలు పైకి లేచాయి, చన్నీళ్ళు పోసినట్టు. తల సగం నా వైపు తిప్పాడు. ఆపమని ఒక్క మాట అంటే సరిపోయేది. అనాలంటే ఇంత ఎత్తు నా వల్ల కాదని తొమ్మిదిమంది పాటగాళ్ళ ముందు ఒప్పుకోవాలి. ముందుగా మా ఇంటికి వచ్చాడని కూడా బయటపడుతుంది. ఆ మాట అతను అనడని నాకు తెలుసు. నేను కూడా ఇరవై మూడేళ్ళు అనని మనిషినే కదా. తల మళ్ళీ ముందుకి తిప్పి, ఊపిరి పీల్చి, పాట అందుకున్నాడు.

అతను గొప్ప పాటగాడు. అది ఆవేళ కూడా తెలిసింది. మొదటి భాగంలో స్వరం చుట్టూ చిన్న చిన్న అలంకారాలు వేస్తూ, ఎక్కడ కాలు జారుతుందో ముందే చూసుకుని, అందంగా దాటాడు. పాట ఎక్కుతున్న కొద్దీ ఆ అలంకారాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మునిగే పడవలోంచి సరుకు పారేస్తున్నట్టు అన్నీ వదిలేసుకుంటూ వచ్చాడు. మెడ మీద నరం పొంగింది. రంగు వేసిన గడ్డం కింద చెమట కారడం అద్దంలో కనబడుతోంది. నాకు ఆనందం వేసింది. దాన్ని ఇప్పుడు ఇంకో పేరుతో పిలవను. కడుపులో వేడి వైన్ దిగినట్టు దిగింది.

పిలుపు వచ్చింది. ఎర్, కొ, లే. మొదటిసారి సన్నగా అందుకున్నాడు. రెండోసారి గీసుకుపోయినట్టు వచ్చింది. మూడోసారి నేను మీట మీద వేలు కావాలని కొంచెంసేపు ఎక్కువ ఉంచాను. అతను దాన్ని వదిలేసి దిగలేడు. నోరు తెరిచాడు. గొంతు చిరిగింది. గుడ్డ చిరిగినప్పుడు వచ్చేలాంటి చప్పుడు, దాని వెనక ఉత్త గాలి.

పాటగాళ్ళ వరసలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు దగ్గు నటించాడు.

చివరి స్వరం నెమ్మదిగా వదిలాను. అప్పుడు గాని నేను విన్నదేమిటో నాకు తెలియలేదు. వాకిట్లో నిలబడి అంత ఎత్తున పిలవడం లీవియాకి ఎన్నడూ అవసరం కాలేదు.

గిరార్దో గొంతు సవరించుకున్నాడు.

"వెర్దెల్లి గారూ, మీ వయసుకి గొంతు ఇంకా ఉందండి, కాదనను. మొదట్లో ఆ పనితనం అదీ మా వాళ్ళెవరికీ చేతకాదు. కానీ ఈ పాటేమిటండీ? మనిషి గొంతు ఎరిగినవాడు రాసినట్టు లేదే. పిల్లి చెట్టెక్కినట్టు ఎక్కుతూనే పోయింది, దిగే దారి దానికే తెలీదు. ఇలాంటిది రాసినాయన చేతిలో మా పాటగాళ్ళని పెడితే పండక్కి ఒక్కడికీ గొంతు మిగలదు."

ఈసారి చాలామంది నవ్వారు. నా చెవులు మండాయి. ఆ నవ్వు సాలుస్తియో మీద పడుతుందని ఎదురుచూశాను. అది అతన్ని దాటి పైకి, నా మేడ మీదికి వచ్చింది.

సాలుస్తియో ఆ నవ్వు తగ్గేదాకా కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. తరువాత బొంగురుగా అన్నాడు.

"ఇది నాది కాదండి."

"మీదేనని ఉత్తరంలో రాశారే."

"పుస్తకం నాది. ఈ ఒక్క పాట మాత్రం కాదు. అదుగో, పైన కూర్చున్నాడే ఎర్కొలే, అతనిది. బ్రెషియాలో ఒక గదిలో ఉండేవాళ్ళం. చెల్లెలు పోతే రాశాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. గొంతుల సంగతి అంతగా తెలిసే వయసు కాదు."

అంటే అతను మరచిపోలేదు. లేదా మరచిపోయింది భయంతో తిరిగి వచ్చింది. మనిషి లోపల ఎన్ని అరలుంటాయో, ఏ అర ఎప్పుడు తెరుచుకుంటుందో వాడికే తెలియదు. పడవ కథ చెప్పినప్పుడు అబద్ధమాడాడా, నమ్మి చెప్పాడా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అందరి తలలూ పైకి తిరిగాయి. అద్దంలో మొహాలన్నీ చిన్నచిన్నగా కనబడ్డాయి.

"ఏమయ్యా ఎర్కొలే, నిజమేనా?" అన్నాడు గిరార్దో. "నీదైతే సిగ్గుపడక్కర్లేదు. వయసులో అందరం ఏదో ఒకటి రాసేవాళ్ళమే. నీదే అయితే, నువ్వు ఎలా ఉండాలనుకున్నావో అలా ఇంకోసారి వాయించు. రాసినవాడి తప్పుకి పాడినవాణ్ణి శిక్షించడం న్యాయం కాదు. మళ్ళీ పాడనిద్దాం. ఉత్తరంలో ఒక పేరు అటూ ఇటూ అయితే అది తరువాత చూసుకుందాం."

ఇరవై మూడేళ్ళుగా నేను కోరుకున్నది అదే. నా పేరు, ఆ పాట పక్కన, అతని నోటి నుంచి, పదిమంది ఎదుట. బతిమాలకుండానే వచ్చింది. అవును అంటే చాలు. నాలుగు మెట్లు, కాదంటే ఐదు, దించి వాయిస్తే ఆ నవ్వినవాళ్ళ నోళ్ళు మూతబడతాయి. గిరార్దో కళ్ళు కూడా తుడుచుకుంటాడేమో. లీవియా తన మామూలు ఎత్తులో పిలుస్తుంది.

కానీ ఆ ఎత్తులో సాలుస్తియో అద్భుతంగా పాడతాడు. ఉద్యోగం అతనిది. ఇక జీవితాంతం కింద నిలబడి చెయ్యి ఊపుతాడు, నేను పైన కూర్చుని ఆ చేతిని అద్దంలో చూసుకుంటూ వాయిస్తాను. మరొకటి కూడా ఉంది. నీ పాటే కదా, మొదటిసారి ఎందుకు దించలేదు అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇవన్నీ ఆలోచించానని రాస్తున్నాను గాని, అంత వ్యవధి లేదు. నిజానికి ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. పిల్లి చెట్టెక్కిన పాట నాది అని చెప్పడానికి నోరు రాలేదు. అతను కింద నా వైపు తిరిగి నిలబడ్డాడు. మొహంలో దీనత్వం లేదు. ఆశ ఉంది. ఆ ఆశ చూశాక నోరు వచ్చింది.

"నాది కాదండి," అన్నాను.

"ఖాయమేనా?"

"పుస్తకం మీద ఎవరి పేరుంటే పాట వాళ్ళదే. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించాను నేను."

గిరార్దో లేచాడు. తప్పు రాయడం ఒక ఎత్తు, దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడం ఇంకో ఎత్తు, అబద్ధమాడే మనిషిని మా పాటగాళ్ళ మీద పెట్టం అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు. బల్లలు జరిగిన చప్పుడులో వినబడలేదు.

*

అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాను. బోర్తొలో తిత్తులు దించి ముందుకు వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"మీరు ఎవరూ లేనప్పుడు వాయించుకునేది అదే కదా మాస్టారూ. కిందగా."

నేను పుస్తకం మూశాను.

"గాలి తోసేవాడికి చెవులుండవనుకుంటారు," అని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పద్దెనిమిదేళ్ళలో వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళడం అదే మొదలు.

మేడ మెట్ల కింద సాలుస్తియో నిలబడి ఉన్నాడు. నా కోసమే. కోపంగా ఉంటాడనుకున్నాను. దానికి సిద్ధపడే దిగాను. తొడుగులు అతని ముందుకు చాచాను.

"ఉంచుకో," అన్నాడు. గొంతు ఇంకా సరికాలేదు. "ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు నాకూ లేదు, నీలాగే."

"ఏమిచ్చాను నీకు?"

"పాట." అతను నవ్వాడు, పైగదిలో నవ్వినట్టే. "రోమ్‌లో అది పాడిన ప్రతిసారీ నువ్వెక్కడో ఒక మూల నిలబడి ఉన్నావేమోనని జనంలో వెతికేవాణ్ణిరా. దొంగసొత్తు మోసినవాడి భుజం ఎలా ఉంటుందో నీకు తెలీదు. ఈవేళ సంఘం పెద్దల ముందు, నీ నోటితో నువ్వే ఆ పాట నాదని చెప్పావు. ఉద్యోగం పోయింది, పోనీ. పాట మాత్రం ఇక నిజంగా నాదే."

"అంత ఎత్తులో పాడలేవుగా."

"నాకెందుకంత ఎత్తు? పాడేవాడికి తెలియదా ఎంత దించుకోవాలో?"

చలికోటు సర్దుకుని తలుపు దాటి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కొండ దిగే దారి మా చర్చి ముందు నుంచే పోతుంది. కంచరగాడిద మీద సంచి కట్టుకుని, దాని పక్కన నడుస్తూ, మలుపు దగ్గర ఈల వేయడం మొదలుపెట్టాడు. చిరిగిన గొంతుకి ఈల అడ్డు కాదు. మొదటి వరస, రెండో వరస, పైకెక్కే భాగం. ఎక్కడా తడబాటు లేదు. సరిగ్గా నాలుగు మెట్లు కిందుగా, నేను రాసినప్పుడు నా చెవిలో ఉన్న ఎత్తులో.

లోపలికి పోదామని వెనక్కి తిరిగాను. అతను చివరికి వచ్చాడు. మొదటి రెండూ ఒకే ఎత్తులో, మూడోది పైకి.

ఎవరో పిలిచినట్టు తల తిప్పి చూశాను.